మొద్దు కత్తికి అంత ధరా?

పాత సామాను మీద పాఠకుల ప్రశ్నలు, జవాబులు

పోయిన నెల పాత ఓడ సామాను గురించి రాస్తూ జపాన్ నేవీ ఆఫీసర్ల పొట్టి కత్తి మీద రెండే రెండు వాక్యాలు రాశాను. వాటికి వచ్చినన్ని ఉత్తరాలు ఇన్నేళ్లుగా నాణేల మీద రాసినవాటికి ఎప్పుడూ రాలేదు. అందుకని ఈసారి నాణేలు, స్టాంపులు పక్కన పెట్టి మొత్తం కత్తి గురించే. నేను చరిత్ర పాఠాలు చెప్పినవాణ్ని కాదు. ఓడల ఇంజన్ రూముల్లో ముప్పై ఏళ్లు చెమటోడ్చి విశాఖపట్నంలో రిటైరైనవాణ్ని. రేవుల్లో చూసింది, చేత్తో పట్టుకున్నది, డబ్బు పోగొట్టుకుని తెలుసుకున్నది చెబుతాను.

ప్రశ్న: మా వీధిలో ఒక పెద్దాయన పోయారు. ఆయన పిల్లలు ఇంట్లో సామానంతా బయటపెట్టి ఎస్టేట్ సేల్ చేశారు. కుర్చీలు, గిన్నెల మధ్య ఒక చిన్న కత్తి, తెల్లటి పిడి, బంగారు రంగు పువ్వులు. మావారు తీసి వేలితో చూస్తే పదునే లేదు. చీటీ మీద 3,800 డాలర్లని ఉంది. మేం నవ్వుకుని ఇంకో గదిలోకి వెళ్లి వచ్చేలోపు ఎవరో కొనేశారు. జపాన్ నేవీ కత్తి అని తర్వాత తెలిసింది. దానికి అంత ఎందుకు పెడతారు?
— డాలస్ నుంచి ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, మీవారు పదును చూశారు. కొన్నాయన పదును చూసి ఉండడు. దాంతో ఆవకాయకి ఒక్క మామిడికాయ కూడా కొట్టలేం, ఆ సంగతి అది చేసినవాడికీ తెలుసు. అది యూనిఫాంలో భాగం. మన వైపు కొన్ని ఇళ్లలో పెళ్లికొడుకు చేతికి బాకు ఇస్తారు చూడండి, దాంతో ఎవరినీ పొడవడానికి కాదు కదా. ఇదీ అలాంటిదే.

జపాన్ వాళ్లు దీన్ని ‘తాంకెన్’ అంటారు, పొట్టి కత్తి అని అర్థం. కలెక్టర్లు ఎక్కువగా చూసే నేవీ నమూనా 1883 నాటిది. కత్తి భాగం జానెడు ఉంటుంది. ఒరతో కలిపినా మూరెడు దాటదు. పిడికి చుట్టింది టేకు చేప తోలు. భీమిలి, ఉప్పాడ వాళ్లకి చెప్పక్కర్లేదు, వెడల్పాటి ఒళ్లూ తోకలో ముల్లూ ఉండే చేప. ఆ తోలు ఎండితే సగ్గుబియ్యం పరిచినట్టు తెల్లటి గింజలు పైకి తేలతాయి. దాని మీద సన్నటి లోహపు తీగ చుడతారు. పిడి కొసన చెర్రీ పువ్వు. ఒరకి బెల్టుకు తగిలించుకునే రెండు రింగులు. పిడి దగ్గర చిన్న బొత్తాం నొక్కితే తప్ప కత్తి ఒరలోంచి రాదు. ఆ బొత్తాం నొక్కినప్పుడు వచ్చే ‘టిక్’ చప్పుడు బాగుంటే సగం బేరం కుదిరినట్టే.

దీని పుట్టుక తమాషాగా ఉంటుంది. 1873లో డగ్లస్ అనే బ్రిటిష్ నేవీ ఆఫీసరు ముప్పై మందికి పైగా వెంటబెట్టుకుని టోక్యో వచ్చాడు, జపాన్ కుర్రాళ్లకి నేవీ చదువు చెప్పడానికి. నడుముకి పొట్టి కత్తి కట్టుకోవడం బ్రిటిష్ నేవీ కుర్రాళ్ల ఫ్యాషన్. 1876లో జపాన్ ప్రభుత్వం సమురాయిలు వీధిలో కత్తి పట్టుకు తిరగడాన్ని ఆపేసింది. తరతరాలుగా నడుము మీదున్న కత్తి ఒక్క ఉత్తర్వుతో పోయింది. తర్వాత ఏడేళ్లకి ఈ 1883 నమూనా. ఆకారం ఇంగ్లీషు వాళ్లది, పిడి మీద చేప తోలు సమురాయిలది. అందరి దగ్గరా తీసేసుకున్నది కొద్దిమందికి తిరిగి ఇచ్చినట్టయింది. దాన్ని కట్టుకుని సెలవులకి ఊరొచ్చిన కుర్రాడి వెనక వీధి వీధంతా కళ్లప్పగించి చూసేదంటే ఆశ్చర్యం లేదు.

ఇక ధర. 2011లో మా అబ్బాయి దగ్గరికి న్యూజెర్సీ వెళ్లినప్పుడు, పక్కనే పెన్సిల్వేనియాలో పాత ఆయుధాల సంత జరుగుతోందంటే పొద్దున్నే బయల్దేరదీశాను. ఒకే బల్ల మీద రెండు తాంకెన్‌లు. చేప తోలు, తీగ, పువ్వు అన్నీ అచ్చం ఒకటే. ఒకటి 600 డాలర్లు, రెండోది 4,500. మా అబ్బాయి చీటీలు తారుమారయ్యాయనుకున్నాడు. నేనూ అదే అనుకుని అడిగాను. అమ్మేవాడు మాట్లాడకుండా బల్ల కింద నుంచి ప్లాస్టిక్ కవరు తీశాడు. అందులో నాలుగు మడతలు పడి మడతల దగ్గర గోధుమ రంగుకి తిరిగిన కాగితం. ఫలానా సైనికుడు ఈ కత్తిని స్వదేశానికి తీసుకెళ్లవచ్చని 1945లో అతని ఆఫీసరు సంతకం పెట్టి టైపు చేయించి ఇచ్చినది. దానితో పాటు బొటనవేలంత ఫొటో. తెల్ల యూనిఫాంలో ఒక జపాన్ కుర్రాడు, నడుముకి కత్తి. వెనక వైపు అతని పేరు, ఊరు సిరాతో. ఫొటోలో ఒర మీద రెండో రింగు దగ్గర చిన్న సొట్ట కనిపిస్తుంది. బల్ల మీదున్న కత్తికి కూడా సరిగ్గా అక్కడే సొట్ట.

ఆ సొట్ట విలువ 3,900 డాలర్లు.

నేను రెండు కత్తుల్నీ ఒక్కొక్క చేత్తో పట్టుకు చూశాను. బరువులో తేడా తెలియలేదు. కానీ ఉన్నమాట చెబుతున్నాను, రెండోదాన్ని కింద పెట్టేటప్పుడు నా చెయ్యి కాస్త నెమ్మదించింది. కలెక్టరు డబ్బు పెట్టేది ఆ నెమ్మదికి. మీ వీధి పెద్దాయన పిల్లలు ఆ కత్తితో పాటు ఏదైనా కాగితం ఇచ్చారేమో కనుక్కోండి. చీటీ మీద 3,800 రాశారంటే ఎవరో తెలిసినవాడు చెప్పి రాయించిన ధర అది. ఊహించి రాస్తే వంద రాసేవారు.

సరుకు ఎందుకు తగ్గిందన్నది కూడా చెప్పాలి. 1945లో జపాన్ ఓడిపోయాక కత్తి కనిపిస్తే అప్పగించాలన్నారు. గుట్టలుగా పోసి కరిగించినవి, సముద్రంలో పారబోసినవి, ఇళ్లవాళ్లు భయపడి పాతిపెట్టినవి పోగా, అమెరికన్, బ్రిటిష్, ఆస్ట్రేలియన్ సైనికులు గుర్తుగా సంచుల్లో వేసుకుపోయినవి మిగిలాయి. మన ఆగ్నేయాసియా వైపు మిత్రరాజ్యాల సేనాధిపతి మౌంట్‌బాటెన్ పట్టుబట్టి మరీ జపాన్ ఆఫీసర్ల చేత కత్తులు అప్పగింపించాడు. జబ్బుతో ఉన్న ఫీల్డ్ మార్షల్ తెరౌచీ 1945 నవంబరు 30న సైగాన్‌లో తన కత్తులు ఆయన చేతికిచ్చాడు. వాటిలో పొట్టిది కొన్ని వందల ఏళ్ల నాటి పాతది, ఇప్పుడు ఇంగ్లండులో విండ్సర్ కోటలో ఉంది. పెద్దవాళ్ల కత్తి కోటకి చేరింది, చిన్నవాళ్లది మీ వీధిలో గిన్నెల మధ్యకి చేరింది.

జపాన్‌లోనే కొనుక్కోవచ్చు కదా అంటారేమో. అక్కడ పాత పద్ధతిలో కమ్మరి సాగదీసి చేసిన కత్తిని కళాఖండంగా రిజిస్టరు చేయించుకుంటేనే ఇంట్లో ఉంచుకోనిస్తారు. మిషన్ మీద తయారైన సైనిక కత్తికి ఆ రిజిస్ట్రేషన్ దొరకదు. అందుకే పుట్టినిల్లు జపాన్ అయినా దీని బజారు మాత్రం అమెరికాలో ఉంది.

ప్రశ్న: ఇలాంటివన్నీ ఖరీదైనవేనా, లేక కొన్నేనా? నేను డిగ్రీ చదువుతున్నాను, పాత మిలిటరీ బ్యాడ్జీలు కూడబెడుతున్నాను.
— గుంటూరు

జవాబు: కొన్నేనయ్యా. మామూలు తాంకెన్ అరుదైనదేం కాదు, అమెరికాలో వెతికితే కొన్ని వందల డాలర్లకి దొరుకుతుంది. యుద్ధం చివర్లో నేవల్ అకాడమీ ఒక్కో తరగతిలో వేలమందిని చేర్చుకుంది. అప్పటి కత్తులు పలచటి ఇత్తడి, నాసి ఒర. కొందరి పిడి మీద చేప తోలు కూడా అసలుది కాదు. కరువులో పెళ్లి చేసినట్టుంటాయి.

ధర పెరిగేది ఆ వరస దాటినప్పుడు. కత్తులు ఆఫీసర్లు తమ డబ్బుతో కొనుక్కునేవారు. డబ్బున్న ఇంటివాడు తాతగారి నాటి చిన్న కత్తిని, అంటే నిజంగా కమ్మరి సుత్తి కింద సాగినదాన్ని, నేవీ పిడికి బిగింపించుకునేవాడు. పైనుంచి చూస్తే మామూలు తాంకెన్. బొత్తాం నొక్కి లాగితే ఉక్కు మీద పొగమంచు గీతలా అల కనిపిస్తుంది. దాన్ని చూసిన కలెక్టరు ముఖం మారిపోకుండా బేరమాడడం పెద్ద విద్య.

అన్నిటికన్నా పైది చక్రవర్తి పేరు మీద ఇచ్చిన బహుమతి కత్తి. నేవల్ అకాడమీలో తమ తరగతిలో అందరికన్నా ముందు నిలిచిన కొద్దిమందికి పాసయ్యే రోజున ఇచ్చేవారు. ఆర్మీలో ఆఫీసర్లు తర్వాత చదివే వార్ కాలేజీ వాళ్లకి పొడుగు కత్తి, నేవల్ అకాడమీ వాళ్లకి పొట్టి కత్తి. అందుకున్నవాళ్లని జీవితమంతా ‘ఓన్‌షి బ్యాచ్’ అనే పిలిచేవారు, అంటే చక్రవర్తి బహుమతి అందుకున్న జట్టు, మన దగ్గర గోల్డ్ మెడలిస్ట్ అన్నట్టు. ప్రమోషన్లలో కూడా ఆ మాట పనిచేసేది. ఇప్పుడు లెక్క నువ్వే వేసుకో. ఏడాదికి వేళ్ల మీద లెక్కపెట్టేన్ని కత్తులు. అందుకున్నవాళ్లలో చాలామంది తర్వాత ఓడలతో పాటు మునిగిపోయారు. మిగిలినవాటిలో కొన్ని మ్యూజియాల్లో, కొన్ని కుటుంబాల దగ్గర. బయటికి అమ్మకానికొచ్చేది ఎప్పుడో ఒకటి. వేలంలో దాని కోసం పదిమంది అక్కర్లేదు, పంతం పట్టినవాళ్లు ఇద్దరుంటే చాలు.

మిలిటరీ వాళ్లకే కాదు, జపాన్ వలస పాలనలో అధికారులకీ కత్తులుండేవి. కొరియాలో 1919 దాకా బడి పంతుళ్లు కూడా యూనిఫాం వేసుకుని కత్తి కట్టుకుని పాఠం చెప్పేవారు. ఆ ఏడాది మార్చిలో కొరియా ప్రజలు తిరగబడ్డాక గానీ ఆ పద్ధతి పోలేదు. అలాంటి సివిల్ కత్తులు తక్కువ చేశారు కాబట్టి తక్కువే మిగిలాయి. సెట్టు పూర్తి చేసుకునే కలెక్టరు ఉంటాడే, వాడికి యుద్ధంతో పని లేదు. ఆల్బంలో ఖాళీగా ఉన్న గడి వాణ్ని నిద్రపోనివ్వదు. నువ్వు బ్యాడ్జీలు కూడబెడుతున్నానన్నావు కదా, ఆ జబ్బు లక్షణాలు నీకు నేను చెప్పక్కర్లేదు.

ప్రశ్న: ఆన్‌లైన్‌లో ‘ఒరిజినల్ కమికాజే పైలట్ కత్తి’ 9,000 రూపాయలకి చూశాను. చెక్క ఒర, దాని మీద జపాన్ అక్షరాలు. ఆఖరి పీసు, రేపటి దాకానే ఆఫర్ అంటున్నాడు. తీసుకోమంటారా?
— హైదరాబాద్

జవాబు: వద్దు. ‘ఎందుకు?’ అంటే నా సొంత కథ చెప్పాలి.

1987లో మా ఓడ కాలిఫోర్నియా రేవులో ఉండగా ఒక పాత సామాను కొట్లో అచ్చం మీరు చెప్పినలాంటి కత్తే కొన్నాను. తెల్లటి చెక్క పిడి, తెల్లటి చెక్క ఒర, నిలువుగా నల్లటి అక్షరాలు. విమానంతో సహా ఓడ మీద పడి చచ్చిపోయే ముందు కుర్రాడు దీన్ని గుండెకి హత్తుకునేవాడని కొట్టువాడు చెప్పాడు. చెబుతూ గొంతు కూడా బొంగురు చేసుకున్నాడు. 140 డాలర్లు లెక్కపెట్టి ఇచ్చాను. ఆ నెల ఇంటికి పంపాల్సిన డబ్బులో అది ఎంత భాగమో మా ఆవిడకి ఇప్పటికీ తెలియదు. ఈ సంచిక ఇంటికొచ్చాక తెలుస్తుంది.

తర్వాత కొన్ని నెలలకి రిపేరు కోసం జపాన్‌లోని కురె రేవులో ఓడని డాక్‌లో పెట్టారు. యమాటో యుద్ధనౌకని కట్టిన ఊరు అది. రిపేరు పనికొచ్చిన జపాన్ ఫోర్‌మన్‌కి అరవై దగ్గరుంటాయి. టీ తాగుతూ గొప్పగా నా కత్తి తీసి చూపించాను. ఆయన ఒర మీద అక్షరాలు చదివి ముందు నవ్వాడు. రెండో అక్షరంలో ఒక గీత లేదట. మన ‘మ’కి కొమ్ము పెట్టడం మర్చిపోతే ఎలా ఉంటుందో అలాగ. కత్తిని సగం లాగి వెలుతురుకి పెట్టి, ఇది కారు స్ప్రింగు పట్టీ అన్నాడు. నేను ఇంజనీరుని. ఆ ముక్క నాకు తెలియాలి. కొట్టువాడి బొంగురు గొంతు విని కళ్లు మూసుకున్నాను.

తర్వాత ఆయన నవ్వు ఆగిపోయింది. ఆయన అన్న ఎతాజిమాలో చదివాడట. ఎతాజిమా అంటే కురెకి ఎదురుగా ఉన్న దీవి. 1888లో నేవల్ అకాడమీని టోక్యో నుంచి అక్కడికి మార్చారు. అన్న మళ్లీ ఇంటికి రాలేదు. సెలవులకొచ్చినప్పుడు ఇంట్లో వదిలి వెళ్లిన తాంకెన్ మాత్రం ఉండేది. 1945లో అమెరికన్ సైనికులు ఇల్లిల్లూ వెతుకుతారని పుకారు వస్తే, వాళ్లమ్మ ఒక రాత్రి దాన్ని పాత కిమోనోలో చుట్టి, బావిలో వేసిందట. బావిని తర్వాత పూడ్చేశారు. ‘అది ఎక్కడుందో నాకు తెలుసు, తియ్యడానికి లేదు’ అన్నాడు, వచ్చీరాని ఇంగ్లీషులో.

ఆ ఆదివారం నన్ను పడవలో ఎతాజిమా తీసుకెళ్లాడు. ఇప్పుడది జపాన్ నేవీ వాళ్ల శిక్షణ కేంద్రం, బయటివాళ్లు కూడా చూడొచ్చు. 1893లో కట్టిన ఎర్ర ఇటుకల భవనం ఇప్పటికీ గట్టిగా ఉంది. మ్యూజియంలో చనిపోయిన కుర్రాళ్లు ఇంటికి రాసిన ఉత్తరాలున్నాయి. ఆయన ఒక అద్దం ముందు చాలాసేపు నిలబడ్డాడు. నేను పక్కకి తప్పుకున్నాను. నా నకిలీ కత్తి ఓడలో నా క్యాబిన్ సొరుగులో ఉంది. దాన్ని ఒడ్డుకి తేవద్దని ఆయనే చెప్పాడు, ఇక్కడి చట్టం ఊరుకోదని.

ఇక మీ 9,000 రూపాయల పీసు గురించి. ఆత్మాహుతి దళాల వాళ్లకి కొందరికి చిన్న కత్తులిచ్చిన మాట నిజమే. కైతెన్ అని, మనిషి లోపల కూర్చుని నడుపుకుంటూ పోయే టార్పెడో ఉండేది. 1944 నవంబరులో మొదటి జట్టు జపాన్‌లోని ఓత్సుషిమా దీవి నుంచి బయల్దేరేటప్పుడు వాళ్లకి పెద్ద అధికారుల పేరు మీద పొట్టి కత్తులిచ్చారు. ఆ జట్టులోని నిషినా అనే అతను టార్పెడో తయారీలో తనతో పనిచేసి శిక్షణలో చనిపోయిన స్నేహితుడి అస్థికలు వెంట తీసుకెళ్లాడు. 1944 నవంబరు 20న పసిఫిక్‌లోని ఉలితి దీవుల దగ్గర ఒక అమెరికన్ ఆయిలు ఓడని ముంచారు. వెళ్లినవాళ్లు తిరిగి రారు, వాళ్ల దగ్గరున్న కత్తీ తిరిగి రాదు. అలాంటిది ప్రతి ఆయుధాల సంతలో ప్రతి రెండో బల్ల మీదా ఒక కమికాజే కత్తి ఎలా ఉంటుంది? సముద్రం అడుగు నుంచి ఎవరు ఏరి తెచ్చి మీకు ‘రేపటి దాకానే ఆఫర్’ అంటున్నారో అడగండి.

నేవీ తాంకెన్‌లలో కూడా నకిలీలు బోలెడు. నేను చూసే పద్ధతి చెబుతాను. ముందు పిడి మీద గింజలు చూస్తాను. అసలు టేకు చేప తోలులో రెండు గింజలు ఒకలా ఉండవు, మధ్యలో పెద్దవిగా ఉండి అంచులకి పోయేకొద్దీ సన్నబడతాయి. అచ్చు పోసిన ప్లాస్టిక్ అయితే ఒకే నమూనా మళ్లీ మళ్లీ వస్తుంది, చవక గోడ కాగితంలాగ. యుద్ధం చివరి సరుకులో అసలు కత్తికి కూడా నకిలీ తోలు ఉండొచ్చు కాబట్టి ఇదొక్కటే చూసి తేల్చను. తర్వాత పువ్వు. రేకుల అంచులు గోరుకి తగలాలి. పాతదాని నుంచి అచ్చు తీసి పోసిన ఇత్తడిలో అంచులు నాకిన బెల్లం ముక్కలా నున్నగా ఉంటాయి. ఆఖరున బొత్తాం. నకిలీ చేసేవాడు అంత చిన్న స్ప్రింగు మీద శ్రమపడడు. నొక్కినా నొక్కకపోయినా కత్తి ఊడి వస్తుంది. ముదురు మోసగాడైతే అదీ చేస్తాడు, అప్పుడు కాగితాలు అడగండి. కాగితాలు కూడా చేయిస్తాడు, అప్పుడు ఇంటికి వెళ్లిపోండి.

ఇంకో మాట. మురికి వదిలించి మెరిపించినదాన్ని కొనొద్దు, మీ దగ్గరున్నదాన్ని మెరిపించొద్దు. చింతపండుతో ఇత్తడి బిందె తోమినట్టు తోమేసి తెచ్చేవాళ్లని చూశాను. బంగారు పూత మీద ఎనభై ఏళ్ల మాసిన రంగు ఉంటేనే కొనేవాడికి నమ్మకం. తోమితే నమ్మకంతో పాటు ధర కూడా సింకులోకి పోతుంది.

ప్రశ్న: అమెరికాలో ఉన్న మా తమ్ముడి దగ్గర ఇలాంటిదొకటి ఉంది. వచ్చే సంక్రాంతికి సూట్‌కేసులో పెట్టి తెచ్చేయొచ్చా?
— కాకినాడ

జవాబు: తేవద్దనండి. మొద్దుదైనా బాకు బాకే. మన ఆయుధాల చట్టం కింద బాకులు, కత్తులు కూడా ఆయుధాల్లోకే వస్తాయి, బయటి దేశం నుంచి తెచ్చుకోవాలంటే ముందే అనుమతి కావాలి. ‘ఇది అలంకారానికండీ’ అని కస్టమ్స్ వాళ్లకి పండగ పూట వివరించే టెన్షన్ మీ తమ్ముడికి ఎందుకు? ఫొటోలు తెమ్మనండి. నాకూ పంపండి.

ప్రశ్న: మీరు ఆ కత్తుల గురించి ఇష్టంగా రాశారు. మాది పోర్ట్ బ్లెయిర్. మూడు తరాల కింద శ్రీకాకుళం నుంచి వచ్చాం. జపాన్ వాళ్లున్న మూడున్నరేళ్లలో మా వాళ్లు పడ్డ బాధలు మా నాయనమ్మ చెప్పేది. ఆ ఆఫీసర్లు నడుముకి కట్టుకు తిరిగిన వస్తువుకి వేల డాలర్లు పెట్టేవాళ్లు ఏం మనుషులు? మా ఇంట్లో తాతగారు దాచిన ఒక ఇత్తడి బొత్తాం ఉంది, దాని మీద పువ్వు, లంగరు. అది వాళ్లదేనా? దాన్నేం చెయ్యాలి?
— పోర్ట్ బ్లెయిర్

జవాబు: మీ ఉత్తరం వచ్చి మూడు వారాలైంది. మిగతావాటికి జవాబులు ముందే రాసేసి మీది చివరికి ఉంచాను, ఎలా రాయాలో తెలియక.

పోయిన నెల రాసినదాన్ని మళ్లీ చదువుకున్నాను. మీరన్నది నిజమే, ఇష్టంగానే రాశాను. పనితనం చూస్తే నాకు అలాగే వస్తుంది. కానీ మీ ఊరు సంగతి నాకు తెలియక కాదు. 1942 మార్చి 23న జపాన్ వాళ్లు పోర్ట్ బ్లెయిర్‌లో దిగారు. గూఢచారులని అనుమానించి సెల్యులార్ జైల్లో జనాన్ని హింసించారు. డాక్టర్ దివాన్ సింగ్‌ని అలాగే చంపారు. 1944 జనవరి 30న హంఫ్రీగంజ్‌లో 44 మందిని నిలబెట్టి కాల్చేశారు. 1945 అక్టోబరులో జింఖానా మైదానంలో వైస్ అడ్మిరల్ హారా లొంగిపోయే దాకా మీ వాళ్లు తిన్నది ఏమిటో, ఎంతో మీ నాయనమ్మే నాకన్నా బాగా చెప్పి ఉంటుంది. అండమాన్ జపాన్ నేవీ చేతిలో ఉన్న దీవి. కాబట్టి నేను పువ్వుల రేకులు, చేప తోలు గింజలు అంటూ వర్ణించిన వస్తువు మీ వీధుల్లో కూడా తిరిగే ఉంటుంది.

మా ఇంట్లోనూ ఒక ముక్క ఉంది, మీదాంతో పోలిస్తే చాలా చిన్నది. 1942 ఏప్రిల్ 6న రియూజో అనే ఓడ నుంచి లేచిన జపాన్ విమానాలు విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేశాయి. మా అమ్మకి అప్పుడు తొమ్మిదేళ్లు. ఊరు ఊరంతా ఖాళీ అయింది. మా అమ్మమ్మ ఇత్తడి గుండిగలో బియ్యం పోసి, దాన్ని ఎడ్లబండి మీద పెట్టి, దాని మీద మా అమ్మని కూర్చోబెట్టి అనకాపల్లి దాకా తీసుకెళ్లింది. గుండిగ అంచు ఒత్తుకుపోయి కాళ్లు తిమ్మిరెక్కిన సంగతి మా అమ్మ చివరిదాకా చెప్పింది. బాంబుల చప్పుడు గురించి ఎప్పుడూ చెప్పలేదు. అప్పుడు పడిన బాంబుల్లో ఒకదాని డొప్ప ఇప్పుడు బీచ్ రోడ్డులో విశాఖ మ్యూజియంలో ఉంది. పిల్లలు దాని పక్కన నిలబడి సెల్ఫీలు తీసుకుంటారు. ఆ రియూజో అదే ఏడాది ఆగస్టు 24న సాలమన్ దీవుల దగ్గర మునిగిపోయింది.

వేల డాలర్లు పెట్టేవాళ్లు ఏం మనుషులని అడిగారు. నేను చూసినవాళ్లలో రకరకాల వాళ్లున్నారు. యుద్ధమంటే పడిచచ్చే పిచ్చివాళ్లు కొందరు, వాళ్లతో నేను రెండు నిమిషాలకి మించి మాట్లాడను. అమ్మి లాభం చేసుకునేవాళ్లు చాలామంది. నాన్న తెచ్చిన వస్తువు జత కోసం వెతికే కొడుకులు కొందరు. పెన్సిల్వేనియా సంతలో ఆ 4,500 డాలర్ల కత్తిని ఎవరు కొన్నారో నేను చూడలేదు. ఒక్కటి మాత్రం గమనించాను. ఆ కాగితంలో అమెరికన్ సైనికుడి పేరుంది. ఫొటో వెనక జపాన్ కుర్రాడి పేరుంది. ఆ కత్తి ఏ ఊళ్లో ఎవరి మధ్య తిరిగిందో, అక్కడివాళ్ల పేర్లు మాత్రం ఏ కాగితంలోనూ లేవు. ఈ బజారు గురించి నాకున్న కోపం అదే. మీ ఉత్తరం చదివే దాకా అది కోపమని నాకే తెలియదు.

మీ బొత్తాం సంగతి. పువ్వు, లంగరు ఉన్నాయంటే జపాన్ నేవీ యూనిఫాం బొత్తామే అయ్యుంటుంది, అది చెర్రీ పువ్వు. అమ్మితే పెద్దగా రాదు, అలాంటివి చాలానే ఉన్నాయి. అమ్మకండి, తోమకండి. మీ నాయనమ్మ చెప్పిన మాటలు గుర్తున్నంత వరకు ఒక కాగితం మీద రాయండి. ఎవరు చెప్పారు, ఎవరి గురించి చెప్పారు, తాతగారికి బొత్తాం ఏ చోట దొరికిందన్నారు, మీరు ఏ తారీఖున రాస్తున్నారు, అన్నీ. మీ పేరు రాసి సంతకం పెట్టి బొత్తాంతో పాటు ఒకే డబ్బాలో పెట్టండి. బాల్‌పెన్ను వద్దు, ఏళ్లు గడిస్తే ఆ సిరా వెలిసిపోవచ్చు. పెన్సిలుతో రాయండి.

వీలైతే బొత్తాం ఫొటో పంపండి. ముందు వైపు ఒకటి, వెనక కొక్కెం కనిపించేలా ఒకటి, పక్కన పిల్లల స్కేలు పెట్టి.